నీళ్లు అడిగిన బిడ్డ

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో ఆమె నా పక్క సీటులో కూర్చుంది. ఒడిలో మూడేళ్ల కొడుకు. కాపురం జర్మనీలో అనీ, బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు పోతున్నామనీ చెప్పింది.

ఎండకు బిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు. మరచెంబు వైపు చెయ్యి చాపి "వాసర్, వాసర్" అంటున్నాడు. అక్కడ నీళ్లను అట్లాగే అంటారట. ఆమె మూత కూడా తీయలేదు.

"నీళ్లు అను నాయనా, ఇస్తా."

నాకు ఒళ్లు మండింది. "బిడ్డ నోరు ఎండబెట్టి పాఠం చెప్తావా? ఏం తల్లివమ్మా నువ్వు?" అన్నాను.

ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఆ దేశంలో తెలుగు ఏం కూడు పెడతాది తల్లీ, ఇచ్చెయ్" అన్నాడు.

ఆమె ఆయన్ను పట్టించుకోలేదు. నాతోనే చెప్పింది. "ఆడుండే డాక్టరమ్మ కూడా ఇంట్లో ఈ భాష మానెయ్యమనింది పెద్దమ్మా. వీళ్ల నాయన పనికి పోతే పొద్దుగూకేదాకా నేనూ వీడే. వీడికి తెలుగు రాకపోతే నేనెవురితో మాట్లాడాల?"

బిడ్డ ఏడుస్తూనే "నీ... నీయ్లు" అన్నాడు. ఆమె వాడి ముక్కు తుడిచి, "వచ్చింది సూడు" అని చెంబు నోటికి పెట్టింది.

కొన్నేళ్లకు వయోజన విద్య బడిలో నేనూ పలక పట్టాను. అందరూ ముందు తమ పేరు రాయించమన్నారు. నేను నీళ్లు అని రాయించమన్నాను. ఒత్తు కష్టమని పంతులమ్మ నా చేయి పట్టబోయింది.

"వదలమ్మా. తప్పయితే మళ్లీ రాస్తా" అన్నాను.