పది అడుగుల రింగు

మా ఊళ్లో సరిగ్గా మూసుకోని గేటు ఎక్కడ కనిపించినా అది నేను వెల్డింగ్ చేసిందేనంటారు. అది అన్యాయం. నేను చేసిన వాటిలో కొన్ని అసలు తెరుచుకోవు కూడా.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి మా నాన్న షాపులో వెల్డింగ్ రాడ్డు పట్టుకున్నాను. తిరువూరు బస్టాండు దాటాక రోడ్డు వారగా ఉంటుంది షాపు. చదువు తక్కువైనా నోరు ఎక్కువ. గేటు చేయించుకోడానికి వచ్చినవాళ్లు నా మాటలకి నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోయి, గేటు సంగతి గుర్తొచ్చి మళ్లీ వచ్చేవాళ్లు. ఆ నోటి వల్ల నాకెప్పుడూ నష్టం జరగలేదు. జరిగింది మా మేనకోడలికి.

కొన్నేళ్ల కిందట ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడం షాపుకొచ్చింది. కాలేజీ వెనక బాస్కెట్‌బాల్ కోర్టు వేస్తున్నారట. రెండు స్తంభాలూ, రెండు రింగులూ కావాలట.

"రింగు నేల మీంచి సరిగ్గా పది అడుగులుండాలండి. అంగుళం కూడా తేడా రాకూడదు" అంది.

"పదంటే పదే మేడం. నా పెళ్లప్పుడు కూడా ఇంత గట్టిగా మాటివ్వలేదు" అన్నాను.

నిజంగానే పది అడుగులకే బిగించాను. మూడుసార్లు కొలిచాను. అప్పటికి అది ఉత్త మట్టి నేల. నేను సామాను సర్దుకుంటుంటే సిమెంటు పని మేస్త్రి వచ్చి, "అన్నా, వానొస్తే ఇక్కడ నీళ్లు నిలబడతాయి. నేల కాస్త లేపనా?" అని అడిగాడు.

"లేపుకో. ఆకాశానికి తగలకుండా చూసుకో" అన్నాను.

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి, కంకర పోసి, దాని మీద సిమెంటు వేసి నేల లేపాడు. నా రింగు ఉన్నచోటే ఉంది, నేలే దాని దగ్గరికి వచ్చింది. ఆ సంగతి అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మేడం మళ్లీ కొలవలేదు. నా మాట నమ్మింది.

మా అక్క కూతురు ఆ కోర్టులోనే ఆట నేర్చుకుంది. ఆ కోర్టు కోసమే ఆ కాలేజీలో చేరింది. తెల్లవారి నమాజు కాగానే బంతి చంకలో పెట్టుకుని బయల్దేరేది. గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా వేసే బంతి ఒకటుంటుంది, ఫ్రీ త్రో అంటారు. పెదాల్లో బిస్మిల్లా అనుకుని, బంతిని రెండుసార్లు నేలకి కొట్టి వదిలేది. పదికి తొమ్మిది పడేవి. పడని ఆ ఒక్కదాని గురించి రోజంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

జాతీయ కాలేజీ పోటీలకి మా ప్రాంతం నుంచి ఏ జట్టు వెళ్లాలో తేల్చే మ్యాచ్‌లు మా కోర్టులోనే జరిగాయి. వచ్చిన జట్ల బంతులు రింగు దాటిపోయి వెనక బోర్డుకి కొట్టుకుంటుంటే నేను గోడ మీద కూర్చుని, "గంపలగూడెం దాకా వెయ్యకండమ్మా, రింగు ఇక్కడే ఉంది" అని ఏడిపించాను. మా పిల్లలే గెలిచారు. నా షాపు నిచ్చెన వేసుకుని, రింగుకున్న నెట్టు కత్తిరించి, తలా ఒక ముక్క బ్యాగు జిప్పుకి కట్టుకున్నారు. అమెరికా కాలేజీల్లో గెలిచినవాళ్లు అలా చేస్తారని ఫోన్లో చూసి నేర్చుకున్న ఆచారం అది. కత్తిరించినవాళ్లే కొత్తది అల్లాలన్నది మాత్రం మా మేడం చేర్చిన ఆచారం.

"నువ్వు తోడు వెళ్తేనే పంపిస్తాను" అంది మా అక్క. "మామ తోడేంటమ్మా, మామకే ఒక తోడు కావాలి" అంది మేనకోడలు. అయినా వెళ్లాను.

రెండు రోజుల రైలు. పోటీల మొదటి రోజు పొద్దున్నే అన్ని రాష్ట్రాల జట్లూ జెండాలతో కవాతు చేశాయి. మధ్యాహ్నం ఎవరి ఊరి తిండి వాళ్లు బల్ల మీద పెట్టి పక్క జట్టుకి పంచారు, అక్కడ అది ఏటా జరిగేదట. రెడ్డిగూడెం కాయతో మా అక్క పెట్టిన ఆవకాయని ఒక పంజాబీ పిల్ల చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకో చెంచా అడిగింది. ఇంకో పద్ధతి ఏంటంటే, ఓడిన జట్టు లేచి వెళ్లిపోకూడదు. తర్వాతి మ్యాచ్ అయ్యేదాకా కూర్చుని, ఆడేవాళ్లకి చప్పట్లు కొట్టాలి.

ఒక్కో జట్టుకి మూడు మ్యాచ్‌లు. మొదటిది అయ్యాక ఆ చప్పట్లు కొట్టింది మేమే. మా పిల్లల బంతులు రింగు ముందు అంచుకి తగిలి కింద పడ్డాయి. అందరికంటే ఎక్కువ మా మేనకోడలివే. ఎనిమిది ఫ్రీ త్రోలు వేస్తే ఒక్కటి పడింది. చప్పట్లు కొట్టి కొట్టి, నా వైపు తిరిగింది.

"నా చెయ్యి పోయింది మామా. రేపు నా బదులు వేరేవాళ్లని ఆడించమని మేడంకి చెప్తాను. ఇంటికెళ్లాక బంతి ఎవరికైనా ఇచ్చెయ్."

ఆ బంతులన్నీ అదే అంచుకి, అంతే తక్కువలో తగలడం నా బుర్రలో తిరుగుతోంది. ఒకటి తగ్గితే చెయ్యి అనుకోవచ్చు, అన్నీ ఒకే కొలతలో తగ్గితే అది చెయ్యి కాదు. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక అక్కడి పనివాళ్ల నిచ్చెన అడిగి తీసుకుని, జేబులో ఎప్పుడూ ఉండే టేపుతో రింగు కొలిచాను. సరిగ్గా పది అడుగులు. మా కాలేజీ వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను.

"బాబాయ్, మన రింగు కాస్త కొలిచి చెప్పు."

అరగంటకి ఫోన్ చేశాడు. "తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు."

"ఇంకోసారి కొలువు."

"రెండుసార్లు కొలిచాను రా. మూడోసారి కొలిస్తే పెరుగుతుందా?"

మేస్త్రి నవ్వు అప్పుడు గుర్తొచ్చింది. మా కోర్టులో ఓడి వెళ్లిన పిల్లలూ గుర్తొచ్చారు. అంతకుముందు బయటి ఊళ్లలో ఆడిన రెండు మ్యాచ్‌లు ఓడితే ప్రయాణం పడలేదని మాకు మేమే సర్దిచెప్పుకోవడమూ గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల మాత్రం జీవితాంతం తన చెయ్యే చెడ్డదనుకుంటుంది.

మా జట్టుకి బస ఇచ్చిన హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంది. మేస్త్రికి చెప్పిన జోకుతో సహా మొత్తం చెప్పేశాను. బ్యాగు జిప్పుకి కట్టిన నెట్టు ముక్కని వేళ్లతో తిప్పుతూ వింది.

"అయితే మనం గెలిచింది కూడా..."

"సగం నా వెల్డింగే గెలిచింది" అన్నాను.

నవ్వలేదు. ఆ ముక్క విప్పి బ్యాగు లోపల పెట్టేసింది. "ఎన్ని అంగుళాలు?" అంది.

"ఎనిమిది."

"బూజు కర్ర ఏదైనా దొరుకుతుందేమో చూడు."

హాలు బయట ఉన్న ప్రాక్టీసు రింగు ముందు నన్ను నిలబెట్టింది. ఆ కర్ర నిటారుగా ఎత్తి పట్టుకుంటే, బంతి దాని కొస మీంచి పోవాలి. ఆ సాయంత్రం ఎన్ని బంతులు వేసిందో నాకు తెలియదు గానీ, కర్రకి తగలనివన్నీ నాకే తగిలాయి. కొన్ని కావాలనే వేసిందని నా అనుమానం. వెలుగు పోయేముందు వరసగా మూడు పడ్డాయి. మేడం కిటికీలోంచి చూస్తూ ఉంది. ఆ రాత్రే ఆవిడకీ అంతా చెప్పాను. మర్నాడు జట్టులోంచి ఆ పిల్లని తియ్యలేదు.

మర్నాడు మొదటి ఫ్రీ త్రో మళ్లీ అంచుకి తగిలింది. నేను కళ్లు మూసుకున్నాను. రెండోది పడిన చప్పుడు వినిపించింది. నెట్టులోంచి బంతి జారే ఆ చప్పుడు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మ్యాచ్ గెలిచాం. మూడో మ్యాచ్ కొద్దిలో పోయింది. ఇంటిదారి పట్టాం, కానీ ఆ మ్యాచ్‌లో తను వేసిన ఫ్రీ త్రోలన్నీ పడ్డాయి. బంతి ఎవరికి ఇవ్వాలని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఊరొచ్చాక స్తంభాలకి పైపు అతికి, మేడం టేపు పట్టుకుని చూస్తుండగా సిమెంటు నేల మీంచి కొలిచి రింగులు పైకి లేపాను. మా దగ్గర ఓడిన కాలేజీలకి మేడం ఫోన్ చేసి, జరిగింది చెప్పి, మళ్లీ ఆడదాం రమ్మని పిలిచింది. మేనకోడలు గీత దగ్గర నిలబడి పది వేసింది, ఏడు పడ్డాయి. నాకు ధైర్యం వచ్చింది, దాంతోపాటు నోరూ వచ్చింది.

"ఆలోచిస్తే నీకు మేలే చేశానే. వచ్చే ఏడు మీరు జాతీయ పోటీలు గెలిస్తే అందులో నాకూ కాస్త పేరు రావాలి" అన్నాను.

బంతి ఒళ్లో పెట్టుకుని షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే అంది.

"తప్పకుండా మామా. గెలిస్తే నీకు పెద్ద సన్మానం చేస్తాం. స్టేజీ మాత్రం వేరేవాళ్లతో కట్టిస్తాం."