పప్పుగుత్తితో పళ్ళ జావ

మా అత్తగారికి గొంతులో ముద్ద దిగడం మానేసిన రోజే మా మిక్సీ కాలిపోయింది. రెండూ ఒక్కరోజే జరగాలా అని నాకు దేవుడి మీద కోపమొచ్చింది. నాకు కోపం కొంచెం ఎక్కువ. మా ఆయన్ని అడిగితే కొంచెం కాదంటారు.

ఆవిడ గొంతులో గడ్డ ఉందని తేలాక రాజమండ్రి ఆసుపత్రిలో కరెంటు పెట్టించుకోవాలన్నారు. రేడియేషన్ అనే మాట అందరికీ తెలిసినా మా వైపు కరెంటనే అంటారు. పొద్దున్నే బ్రిడ్జి దాటి వెళ్ళి, మధ్యాహ్నానికి రావులపాలెం పక్కనున్న మా ఊరికి వచ్చేసేవాళ్ళం. మొదట్లో బాగానే ఉన్నారు. పోనుపోనూ నోరంతా పూసిపోయింది. మెత్తగా పిసికిన పెరుగన్నం కూడా ముళ్ళున్న చేపలా గుచ్చుకుంటోందనేవారు.

డాక్టరుగారు మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు.

"బరువు తగ్గకూడదండి. ఇంకా తగ్గారంటే కరెంటు మధ్యలో ఆపాల్సొస్తుంది. అలా ఆపడం మంచిది కాదు. పులుపూ కారం లేకుండా, మెత్తగా జారిపోయేది ఏదో ఒకటి కడుపులోకి వెళ్ళాలి."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, ఫ్రిజ్‌లో రాయిలా గడ్డకట్టిన మామిడిపండు ముక్కల్ని మిక్సీలో వేసి తిప్పాను. ఒక్కసారి గుర్రుమని, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. బాగుచేసేవాడికిస్తే "రేపు రండమ్మా" అన్నాడు. వాడి రేపు ఎప్పటికీ రేపే. కొత్తది కొందామన్నారు మా ఆయన. ఈలోగా ఆవిడ ఏం తాగాలి?

ఇంట్లో అరటిపళ్ళకి మాత్రం కొదవ లేదు. మా వైపు జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళు డజను పళ్ళతో రారు, గెలలోంచి కోసిన నిండు అత్తంతోనే వస్తారు. అరటితోటలున్న చుట్టాలైతే ఏకంగా గెలే దింపి పోతారు. గెల పండిందంటే అంతా ఒక్కసారే పండుతుంది. మా వరండా అంతా చక్రకేళీల వాసనే.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. మిక్సీ లేకుండా స్మూతీ చెయ్యడమట. అందులో ఎవరో పిల్ల ఫోర్కుతో అరటిపండుని తంటాలు పడి నలుపుతోంది.

"పప్పుగుత్తి ఉండగా ఫోర్కు దేనికే?" అన్నాను.

"మన పప్పుగుత్తి వాళ్ళకెక్కడిదమ్మా!" అంది అది.

అలా మొదలైంది. తొక్క మీద నల్లమచ్చలు వచ్చిన చక్రకేళీ అయితేనే బాగా నలుగుతుంది. పీచు తీసి, లోతుగిన్నెలో వేసి, పప్పుగుత్తితో పప్పు ఎనిపినట్టే ఎనపాలి. కాచి చల్లార్చిన పాలు ఒక్కసారే పోస్తే ఉండలు మిగులుతాయి కాబట్టి కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో చిలకాలి. సపోటా అయితే పలుకు తగులుతుంది. అందుకని టీ వడపోతలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దాలి. ఖర్జూరాలు పొద్దున్నే పాలలో నానేస్తే మధ్యాహ్నానికి చేత్తోనే చిదిమెయ్యొచ్చు, పంచదార అక్కర్లేదు. తొందరగా కావాలంటే నలిపిన పండూ పాలూ మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఊపెయ్యడమే. ఆ పని మా అమ్మాయిది. ఫోన్‌లో మాట్లాడుతూ కూడా ఊపేసేది.

మా అత్తగారు ఒక గుటక వేశారు. మండుతుందేమోనని నేను ఆవిడ గొంతుకేసే చూస్తున్నాను.

"దిగిందే అమ్మాయ్," అన్నారు బొంగురు గొంతుతో. "స్మూతీ ఏంటి, పళ్ళ జావ అనక."

ఇక అప్పట్నించి మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి రాగానే ఒక పెద్ద గ్లాసు, సాయంత్రం ఇంకో పెద్ద గ్లాసు హాల్లో ఆవిడ కుర్చీ పక్కన పెట్టి నా పనిలో పడేదాన్ని. గ్లాసులు ఖాళీగా తిరిగొచ్చేవి. నాకు గర్వం తలకెక్కింది. మా పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, మా అత్తగారిని నేనే నిలబెడుతున్నానని.

తర్వాత బరువు చూసినప్పుడు ముల్లు కిందికి దిగింది. డాక్టరుగారి మొహం మారింది. "ఇంకొక్కసారి చూద్దామండి" అన్నారు. అంటే ఇంకోసారి తగ్గితే ఆపేస్తారన్నమాట. కారులో వస్తున్నంతసేపూ బ్రిడ్జి మీదినుంచి గోదావరి కేసి చూస్తూ కూర్చున్నాను. నాకు చాలా భయమేసింది. అన్ని గ్లాసులు తాగిన మనిషి ఎలా చిక్కిపోతోంది? జబ్బు తినేస్తోందా?

జబ్బు కాదు, జనం తాగేస్తున్నారు. ఆ సంగతి మర్నాడు పక్కవీధి ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఆ పళ్ళ జావ ఎలా చేస్తారో చెప్పండి వదినగారూ. వద్దంటున్నా వినకుండా మీ అత్తయ్యగారు నా చేత తాగించేశారు. మొన్న మావారు కూడా వచ్చి తాగి వెళ్ళి ఒకటే పొగడ్త!"

ఆవిడ తప్పేం లేదు. మా గోదావరి వాళ్ళింట్లో పెద్దావిడ గ్లాసు చేతికిచ్చి "ఎండన పడొచ్చారు, పుచ్చుకోండి" అంటే కాదనడం ఎవరితరం? కాదంటే అది అవమానం. వచ్చినవాళ్ళు మొహమాటపడుతూ, కమ్మగా ఉందనుకుంటూ, మా అత్తగారి ప్రాణాన్ని గుటకలేసి వెళ్ళిపోయారు.

నేను ఒక్క ఉదుటున హాల్లోకి వెళ్ళాను. అరిచాను. అరుస్తూనే ఏడ్చాను కూడా.

"మీకోసం చేస్తుంటే ఊరందరికీ పంచుతారా? మీకేమైనా అయితే నేనేం కానండీ?"

ఆవిడ చీరకొంగు సర్దుకుని, ఒక్కొక్క మాటే కూడదీసుకుని అన్నారు. "నన్ను చూడ్డానికని వాళ్ళు పనులు మానుకొని వస్తే, ఎదురుగా కూర్చుని నేనొక్కదాన్నీ తాగనా? వాళ్ళని చూస్తూ కూర్చోమననా? నా వల్ల కాదే అమ్మాయ్."

నిజంగానే ఆవిడ వల్ల కాదు. నేను కాపురానికొచ్చినప్పట్నించీ చూస్తున్నాను. అందరి విస్తళ్ళూ లేచాక, గిన్నెల అడుగున ఏం మిగిలిందో చూసుకుని తినే మనిషి. పదిమందికి వండిన రోజున కూడా ఆకలేస్తోందన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. అసలు ఆ మాట ఆవిడకి తెలుసో లేదో అని వేళాకోళం చేసేదాన్ని ఒకప్పుడు. అలాంటి మనిషికి గ్లాసు నింపి, అందరికంటే ముందు, ఒక్కదానికే ఇచ్చి తాగమంటే ఎలా తాగుతుంది? నా కోపమంతా జాలిగా మారింది. జాలిపడితే మటుకు బరువు పెరగరు గదా!

వజ్రాన్ని వజ్రంతోనే కొయ్యాలంటారు. మర్యాదని మర్యాదతోనే కొయ్యాలనుకున్నాను.

మర్నాటి నుంచి గిన్నె కాదు, పెద్ద బేసిన్ హాల్లోకి తెచ్చిపెట్టాను. పళ్ళు ఒలిచే పని ఆవిడకిచ్చాను. నేను పప్పుగుత్తి పట్టుకుని కింద కూర్చున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గేటు దగ్గరే చెవిలో చెప్పేదాన్ని. "మీకూ గ్లాసిస్తానండి. కానీ ఆవిడ తాగందే మీరు తాగకండి, మీకు పుణ్యముంటుంది."

ఇక చూడాలి. అందరి చేతుల్లో గ్లాసులుండేవి. ఒక్కరూ పెదవికి ఆనించేవారు కాదు.

"తాగండమ్మా," అనేవారు మా అత్తగారు.

"మీరు కానివ్వండి పిన్నిగారూ. ఇంటి పెద్ద మీరు తాగకుండా మేమెలా తాగుతామండీ?"

"నాకేం తొందర?"

"మాకూ లేదండి."

వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం ఆవిడకి ఎంత కష్టమో ఆ మొహంలో తెలిసేది. ఎటు తిరిగినా మర్యాదే అడ్డం. చివరికి నాకేసి గుర్రుగా చూసి గ్లాసెత్తేవారు. ఆవిడ గొంతు మింగుతున్నప్పుడు పైకి కిందికి కదలడం హాల్లో ఉన్నవాళ్ళందరం చూసేవాళ్ళం. ఒక్కొక్క గుటకకీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి ఆవిడకి, నొప్పికి. అయినా వాళ్ళ గ్లాసులు ఖాళీ అవ్వాలని తన గ్లాసు ఖాళీ చేసేవారు. ఆవిడ గ్లాసులో మాత్రం ఖర్జూరం ఎక్కువ, పాలు చిక్కన. ఆ తేడా ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకున్నారంటే నా మీద దయే.

తర్వాత బరువు చూసినప్పుడు ముల్లు ఉన్నచోటే నిలబడింది. పెరగలేదు, తగ్గలేదు. ఆ ముల్లుకి అక్కడే దణ్ణం పెట్టాను, నర్సమ్మ నవ్వినా సరే. కరెంటు ఆగలేదు, మొత్తం పూర్తయింది. ఈలోగా బాగైన మిక్సీ ఇంటికొచ్చింది. అందులో చేస్తే నురగొస్తుందని, ఆ నురగ గొంతుకి పట్టుకుంటుందని మా అత్తగారు వద్దన్నారు. అది ఇప్పుడు చట్నీలకే.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం, ఆవిడ వాళ్ళ అన్నగారి కోడలూ ఆ అమ్మాయి తల్లీ వచ్చి వరండాలో చెప్పులు విప్పుతున్నారు. నేను వంటింట్లో బొప్పాయీ అరటిపండూ కలిపి ఎనుపుతున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. మా అత్తగారు గోడ పట్టుకుని నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చుట్టాలొచ్చారని చెప్పడానికేమో అనుకున్నాను.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా, ఏదో తప్పు చేస్తున్నట్టు. "ఆకలేస్తోందే."

నా చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది. గ్లాసు కోసం వెతుకుతుంటే ఆవిడే చెయ్యి చాచి గిన్నె అందుకున్నారు. పొయ్యిగట్టుకి ఆనుకుని, నిలబడే, గిన్నెతోనే తాగారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ కేసి తిరిగాను.

"వాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వవే," అన్నారు మూతి తుడుచుకుంటూ.