చెత్త బకెట్ సాలొమత్ పిన్ని

మా మర్గిలాన్ ఊళ్ళో, మా వీధి సాలొమత్ పిన్నికి ఉన్న పిచ్చి ఒక్కటే, చెత్త పారబోయడం. కరోనా రోజుల్లో తిండికో, మందుకో, చెత్తకో తప్ప గడప దాటకూడదన్నారు. మొదటి రెండింటికీ అనుమతి చీటీ కావాలి, చెత్తకు అక్కర్లేదు. ఇంకేం, మూత ఉన్న నీలం బకెట్ పట్టుకుని పిన్ని పొద్దస్తమానం వీధిలోనే. ఒంటరి మనిషికి అంత చెత్త ఎక్కణ్ణించి వస్తుందో ఎవరికీ అంతుబట్టలేదు.

విచిత్రమేమిటంటే, అంత పారబోస్తున్నా ఆమె పెరటి కంపు గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. అదేమని అడిగితే, "ముక్కుకి గుడ్డ కట్టుకోమని ప్రభుత్వమే చెప్పిందిగా, కట్టుకో" అనేది.

నాకు ఒళ్ళు మండింది కంపుకి కాదు. వీధి చివర పట్టు నేసే ముహబ్బత్ ఇంట్లో అత్తగారికి జబ్బు తేలిందని, పసిపిల్లలతో సహా అందరినీ లోపల పెట్టి గేటుకు ఎర్ర పట్టీ కట్టేశారు. సరుకులు మేమే పంపిస్తామని రోజూ మైకులో చెప్పారు. మైకు వచ్చింది గానీ గుప్పెడు బియ్యం రాలేదు. మేం ఇద్దామని వెళ్తే జరిమానా. కాపలా పోలీసు బహ్రోమ్ మాస్కు మాత్రం ఎప్పుడూ గడ్డానికే వేలాడేది. మనుషుల్ని కట్టేసి మేత మరిచిపోయే రూలు రాసిన మహానుభావుడి గేటుకు ఎవరూ పట్టీ కట్టి ఉండరు.

చెత్తకుండీ సరిగ్గా ముహబ్బత్ వాళ్ళ గేటు పక్కనే ఉండేది. ఒకరోజు బహ్రోమ్‌కు అనుమానం వచ్చి, నేను చూస్తుండగానే పిన్ని చేత బకెట్ మూత తీయించాడు. లోపల తెల్లటి గుడ్డలో వేడివేడి నాన్‌రొట్టెలు. అతని ముఖం పాలిపోయింది. రూలు తప్పినందుకు కాదు. మాలో రొట్టెను బోర్లించి పెట్టడమే పాపం, కింద ముక్క కనబడితే తీసి నుదుటికి తాకించుకుంటాం.

"రొట్టెని చెత్త బకెట్లో పెడతావా పిన్నీ? కళ్ళు పోతాయి."

"ఎవరూ పెట్టరనుకునేగా ఇన్నాళ్ళూ మూత తీయలేదు నువ్వు. ఇది చెత్త మొహం ఎరగని బకెట్ నాయనా. కావాలంటే వాసన చూడు."

చూశాడు. తందూరు వాసనే.

"మరి నీ ఇంటి చెత్తో?"

"పెరట్లో ఉంది. రెండు బకెట్లు మోసే వయసా నాది?"

మా ఇంటి కంపు మూలం నాకప్పుడు తెలిసింది. బహ్రోమ్ మూత పెట్టేసి, చెత్త పారబోయడానికి అనుమతి ఉందని గొణిగి, గేటుకు వీపు తిప్పి నిలబడ్డాడు.

సాయంత్రం అతనే పిన్ని గుమ్మంలో తేలాడు, అసలు చెత్త తను మోస్తానని. పెరట్లో అడుగు పెట్టగానే గడ్డం మీది మాస్కును గబుక్కున ముక్కు మీదికి లాక్కున్నాడు.

"ఇప్పటికైనా రూలు పాటిస్తున్నావు" అంది పిన్ని.