గుడియాత్తంలో పాచి పెంపకం

కొంపకు నిప్పంటించినవాళ్ళ గురించి మీరు విని ఉంటారు. గుప్పెడు తడి పాచితో కాపురాన్నీ వీధినీ ఒకేసారి నవ్వులపాలు చేసినదాని గురించి మాత్రం విని ఉండరు. ఇదిగో, ఆ మహాతల్లిని నేనే. నవ్వుకోవడానికి సిద్ధంగా కూర్చోండి.

నాకు అప్పటికి పెళ్ళై ఏడాది. పుట్టింది వేలూరు, మెట్టింది గుడియాత్తం. మేనత్త కొడుకు మునిరత్నం బావే నా మొగుడు. అత్తవాళ్ళది నేతపని. దేశం తలుపులన్నీ తెరుస్తున్నారని రేడియోలో ఊదరగొట్టే రోజులవి. ఎవరి తలుపులు తెరిచారో గానీ నూలు ధర కొండెక్కింది, మా ఇంట్లో మగ్గం మూలపడింది, మా ఆయన పక్కూరు లత్తేరి నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన వెంట కూర్గు కొండల్లో బంగళాలు కట్టే పనికి వెళ్ళిపోయాడు.

గంగమ్మ జాతరకు వచ్చి, కళ్ళారా చూసుకునేలోపే మళ్ళీ బయలుదేరాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు ఆయనతో పనిచేసే మనిషొకడు సొంతూరికి వస్తూ మా ఇంట్లో ఒక గోనె మూట ఇచ్చిపోయాడు. విప్పితే లోపల తేనె సీసా. సీసా చుట్టూ దూదిపరుపులా పచ్చటి పాచి. "నాకు దగ్గని తేనె అంపినాడు నా బిడ్డ" అంటూ అత్త సీసా పట్టుకుపోయింది. అమ్మకు తేనె పంపాడు, సరే. మరి పెళ్ళానికి?

నా కళ్ళు పాచి మీద పడ్డాయి.

నవ్వుతున్నారు కదూ! నవ్వండి. మొగుడు దూరాన ఉన్న కొత్త పెళ్ళికూతురు గోనెసంచి దులిపి అయినా సరే తన పేరు వెతుక్కుంటుంది. పాచిలో మొహం పెట్టి వాసన చూశాను. వాన వాసన. మా పాలారు పేరుకే ఏరు, లోపలంతా ఇసుక. వేలూరు ఎండ గురించి చెప్పేదేముంది, బండ మీద అప్పడం వేస్తే నూనె అక్కర్లేదు. నేను పాచిని చూసిందల్లా చిన్నప్పుడు వేలూరు కోట అగడ్త గోడ మీదే. అలాంటి నా ఒళ్ళోకి గుప్పెడు వాన వచ్చింది. బావ ఈ వాసనలోనే నిద్రలేస్తున్నాడు, ఈ చల్లదనంలోనే గోడ కడుతున్నాడు అనుకున్నాను. ఎలాగైనా దీన్ని బతికించాలి!

పాచికి వేరు ఉండదని నాకేం తెలుసు? గులాబీ అంటు నాటినట్టు ఎరువుమట్టిలో పాతిపెట్టాను. ఎండలో పెట్టాను. మా బావిలోని ఉప్పునీళ్ళు పోశాను. పాచి గోధుమరంగు పీచైపోయింది. మజ్జిగ పోస్తే మంచిదని ఎవరో అన్నారు. పోశాను. పక్కింటి పిల్లి వచ్చి మజ్జిగతోపాటు సగం పాచినీ నాకిపోయింది. గంజి పెడితే లుంగీ నిలబడుతుంది, పాచి నిలబడదా అని నేతగాళ్ళ కోడలి తెలివి ఉపయోగించి గంజి కూడా పెట్టాను. బూజు పట్టింది. ఒట్టి మొగుడి కంటే గట్టి ఒట్టు మేలని, దాన్ని బతికించందే మామిడిపండు ముట్టనని గంగమ్మకు మొక్కుకున్నాను.

చివరికి దొడ్లో స్నానాల తొట్టి పక్కన, నీడపట్టున, పగిలిన కుండపెంకు ఒకటి ఇటుకల మీద పెట్టి అందులో ఆ పీచును పరిచాను. మట్టీ లేదు, ఎరువూ లేదు. తాగే నీళ్ళు పొద్దునా సాయంత్రం వేళ్ళతో చిలకరించడమే. వానలు నాలుగు పడ్డాక ఒకరోజు చూద్దును గదా, పెంకు మీద పచ్చగా మఖమల్ ముక్క! చేత్తో తాకి అక్కడే కూర్చుండిపోయాను.

ఈ సంగతి బావకు చెప్పాలి. ఆదివారం ఆదివారం వీధి చివర సెల్వియక్క ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తాడు. మా సంసారమంతా ఆ బూత్‌లోనే, అదీ ఇలాగ:

"ఎట్లుండావు రుక్కూ?"

"బాగుండా."

"అమ్మ?"

"బాగుండాది."

"ఎండ?"

"అదీ ఉండాది."

అంతే. సెల్వియక్కతో పాటు వెనక వరుసలోని వాళ్ళంతా చెవులు చేటలు చేసుకుని కూర్చుంటే నువ్వు లేక తోచడం లేదని ఎలా చెప్పను? అందుకే ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాను:

"బావా, నువ్విచ్చింది నిలిచింది."

అవతల గాలి చప్పుడు. "ఏమంటివి?"

"నువ్విచ్చిందే. మొదట్లో పోయిందనుకొని ఏడ్చినా. ఇప్పుడు నిలిచింది. పెరగతా ఉండాది."

"నిజమేనా మే?"

"నీ మీదొట్టు."

"అమ్మకు చెప్పినావా?"

"లేదు. నాకు సిగ్గు."

"సరి సరి, బరువులెత్తబాక!"

"దీనికేం బరువు బావా? గుప్పెడే గదా."

"ఇప్పుడు గుప్పెడే. ముందుకు జూడు!" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ముక్కు ఎగబీల్చాడు. పాచి కోసం కంటతడి పెట్టే మగవాణ్ణి నాకిచ్చిన గంగమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నేను ఇల్లు చేరేలోపే సెల్వియక్క మాట ఇల్లు చేరింది. మూడో నెల దాటేదాకా ఆ మాట ఎత్తకూడదని పెద్దల కట్టడి కాబట్టి అత్త నాతో ఏమీ అనలేదు. నా చేతిలోని బిందె మాత్రం లాక్కుంది.

"నువ్వెందుకమ్మా మోసేది? కూచో పో."

ఆమె తేనె సీసా తెచ్చి నా నోట్లో చెంచాడు పోసింది. "పులుపు తినాలని ఉండాదా?" అంది. "పులుపు ఎవరికి చేదు అత్తా?" అని ఆమె ఇచ్చిన మామిడికాయ ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను. (పాచి బతికింది కదా, నా ఒట్టు తీరిపోయింది.) పాచి పెంచితే ఇంత పుణ్యమా, ముందే తెలిస్తే ఇల్లంతా పెంచేదాన్నే అనుకున్నాను. కష్టమల్లా ఒక్కటే. నన్ను చెంబెడు నీళ్ళు కూడా ఎత్తనివ్వడం లేదు. అత్త కునుకు తీసినప్పుడు దొంగలా వెళ్ళి పాచికి చిలకరించి వచ్చేదాన్ని.

తర్వాత వారమే, చెప్పాపెట్టకుండా బావ దిగాడు! ఒక చేతిలో అరటిగెల, ఇంకో చేతిలో గాజుల పెట్టె. వాకిట్లో అత్త హారతి పళ్ళెంతో, ఆమె పక్కన సెల్వియక్క. బావ నన్ను పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు.

"యాడ? ఏమీ తెలిసేటట్టు లేదే!"

"ఇక్కడ యాడుంటుంది? దొడ్లో ఉండాది."

"దొడ్లోనా?"

"తొట్టి పక్కన. అక్కడైతే చల్లగా ఉంటుందని పెట్టినా."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను. గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇదా?"

"ఎంత పచ్చగా ఉండాదో జూడు!"

"నేనిచ్చింది... ఇదా?"

"తేనె సీసాతో అంపినావే, నాకని!"

"సీసా పగలకూడదని చుట్టినా మే!"

గోడలు కట్టే మనిషి కదా, పాచి సంగతి ఆయనకు తెలుసు. బొటనవేలితో మెల్లగా నిమిరి అన్నాడు: "ఇది కూర్గు పాసి గూడా గాదు రుక్కూ. అది ఈక మాదిరి పొడుగ్గా ఉంటుంది. ఇది మన తొట్టిగోడ పాసి. అదెప్పుడో చచ్చింది, దాని మీద ఇది పుట్టింది."

అప్పటికి నాకు అంతా అర్థమైంది: బిందె, తేనె, మామిడికాయ, ఫోన్‌లో ఆయన ముక్కు ఎగబీల్చడం. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి ఏడుపొచ్చింది.

"నువ్వంపినావని దాన్ని దినమూ..." అన్నాను.

బావ నవ్వలేదు. నా పక్కనే ఇటుక మీద కూర్చున్నాడు. "నేనుండే చోట గోడలంతా పాసే. నిన్ను తల్చుకోకుండా ఒక్క గోడా కట్టలేదు. ఆ ఒక్క మాట అంపడానికే నాకు తెలివి లేకపోయె" అన్నాడు.

దొడ్డి గుమ్మంలో గాజులు ఘల్లుమన్నాయి. అత్త హారతి పళ్ళెంతో నిలబడి ఉంది, వెనకే సెల్వియక్క. అంతా వింది.

"పాసా? ఈ పాసికా నేను పెద్దల కట్టడి మీరి వీధి వీధంతా చెప్పుకున్నది?" అని అరిచింది. వచ్చి పెంకును అటూ ఇటూ తిప్పి చూసింది. ఇక జలదారి పాలే అనుకున్నాను. ఆమె నిట్టూర్చి, పళ్ళెం పైకెత్తింది.

"ఎలిగించిన హారతి ఊరికే ఆర్పకూడదు" అంటూ పాచికి ముమ్మారు దిగదుడిచింది. సెల్వియక్క కడుపు పట్టుకుని బట్టలుతికే బండ మీద కూలబడింది. చివరికి అత్త కూడా ఫక్కున నవ్వింది.

నాలుగు రోజులుండి బావ మళ్ళీ కొండలకు వెళ్ళాడు. ఆ సాయంత్రం నేను దీపం ముందు నిలబడి, తడిబట్టలతో, అతి గంభీరంగా ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఫోన్‌లో "అది", "ఇది", "నువ్విచ్చింది" అనే మాటలు పలకను. ఏదైనా సరే పేరు పెట్టే చెబుతాను.

ఆదివారం వచ్చింది. బూత్‌లో ఎప్పుడూ లేనంత జనం.

"ఎట్లుండావు రుక్కూ?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "బాగలేను. నువ్వు లేక తోచలేదు. పాసికి గాదు బావా. నాకు. రుక్మిణికి" అన్నాను.

అవతల గాలి చప్పుడు.

"సరిగా వినబడలేదు" అన్నాడు బావ. "మళ్ళీ చెప్పు."

ఒట్టంటే ఒట్టే కదా. మళ్ళీ చెప్పాను.