రమణమ్మగారి ముఖారి

మా సంగీతం టీచర్ రమణమ్మగారికి గొంతులో కేన్సరని, వచ్చేవారం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారని ఆమె కూతురు సుజాత ఫోన్ చేసింది. ఆలోగా ఒకసారి బనగానపల్లె రమ్మని వాళ్లమ్మ అడుగుతోందట. మర్నాడే బయల్దేరాను.

కర్నూలు బస్టాండులో ఏడింటికి బనగానపల్లె బస్సు దొరికింది. ఓర్వకల్లు రాళ్లగుట్టలు, పాణ్యం దాటి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టిక్కెట్టు నూటయాభై లోపే. దిగాక ఆటో ఎక్కి వీధి పేరు చెబితే డ్రైవరుకు ఇల్లు తెలుసు. "పాటలామె ఇల్లు కదా? రోజూ పొద్దున్నే పాడతాండె. శానా దినాలాయ, ఏమీ వినపడల్యా" అన్నాడు.

రమణమ్మగారు సగానికి సగం చిక్కిపోయారు. ఒకప్పుడు ఆమె కర్నూల్లో పాడితే, ఆ ముఖారి రాగం ఆలాపన వినడానికే కడప నుంచి కూడా జనం వచ్చేవారు. ఆమె మాట్లాడకూడదని డాక్టరు చెప్పారని సుజాత హెచ్చరిస్తూనే ఉంది. రమణమ్మగారు తంబూరా వైపు చూశారు. శ్రుతి చేసి ఇచ్చాను. రికార్డు చేద్దామని ఫోన్ తీస్తే, ఈ గొంతు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

ముఖారిలో స్వరాలు ఎక్కేటప్పుడు ఒక ధైవతం, దిగేటప్పుడు అంతకంటే తగ్గిన మరో ధైవతం. ఆ రాగంలోని దుఃఖమంతా ఆ తగ్గడంలోనే ఉందని మాకు నేర్పింది ఆమే. బొంగురుపోయిన గొంతుతోనే రిషభం మీద చాలాసేపు నిలిచారు. మధ్యమం, పంచమం మీదుగా నెమ్మదిగా పైకి వెళ్లారు. పై షడ్జం అందలేదు. గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ప్రయత్నించారు. సుజాత లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నువ్వు దించు పాపా" అన్నారు.

నేను షడ్జం అందుకుని దిగసాగాను. ధైవతం దగ్గర గొంతు వణికింది. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"రాగం ఏడుస్తాది. నువ్వు ఏడవాకు."

సరిగ్గా వచ్చేదాకా పాడించారు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు ఆదివారాలు సుజాత ఫోన్ స్పీకర్లో పెడితే నేను ఇక్కడి నుంచి పాడతాను. స్వరం తప్పితే ఆమె మంచం పట్టె మీద తడతారు. ఆ చప్పుడు వినగానే ఆగి, ఆమె పాడి చూపిస్తారని ఇప్పటికీ ఒక్క క్షణం ఎదురుచూస్తాను.

జబ్బుపడిన గాయకులను చూడబోయే వారికి ఒక్కమాట. పొద్దుటి బస్సుకే వెళ్లండి, ఎండెక్కితే వాళ్లకు ఓపిక ఉండదు. వాళ్లను మాట్లాడించకండి. మీకు వచ్చింది పాడండి.