అందరికీ సరిపోయే సెల్లులు

విషజ్వరం తగ్గాక నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంత మిగిలింది. అప్పుడు నేను మదనపల్లెలో ఒక బెల్లం మండీలో గుమాస్తాని. వేలం వేసేవాడు చివరి ధర, కొన్నవాడి పేరు కేకేస్తే, అరుగు మీద కూర్చుని చీటీ రాయడం నా పని. వినిపించకపోతే ఆ పని లేదు. అందుకని కుప్పంలో ఉండే మా బామ్మర్ది రైల్లో బెంగుళూరు వెళ్ళి నాకు చెవి మిషను తెచ్చిపెట్టాడు. జేబులో చిన్న పెట్టె, చెవిలో బిళ్ళ, నడుముకు బ్యాటరీ, వీటిని కలుపుతూ తీగలు.

మిషను బాగానే పనిచేసింది. చిక్కంతా బ్యాటరీతోనే. దాన్ని ఆ మిషను చేసినవాళ్ళే చేయాలి, ఇంకొకరిది దానికి పట్టదు. యుద్ధంలో అది రావడం ఆగిపోయింది. యుద్ధం ముగిశాక టార్చిలైటు సెల్లులు అంగళ్ళకు తిరిగొచ్చాయి గాని, నా బ్యాటరీ రాలేదు. బెంగుళూరుకు ఎన్ని ఉత్తరాలు రాసినా రాలేదు. లోపల ఉండే కరెంటు ఒకటే అయినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో ఆకారంలో ఎందుకు చేయాలో నాకు ఈనాటికీ అర్థం కాదు. కొన్నవాడు ఇంకో అంగడి తొక్కకూడదని కాబోలు. ఆ రోజుల్లో వేలం వేసేవాడి పెదవులు చూసి చీటీలు రాశాను. వాడు తల తిప్పితే నా ప్రాణం పోయేది.

చివరికి మా ఊరు పుంగనూరులో రేకుపని చేసే సాయిబు దగ్గర రెండు టార్చి సెల్లులు పట్టే డబ్బా చేయించి, దాన్ని మిషనుకు తగిలించాను. వినిపించింది. ఇక మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వాల్మీకిపురంలోని చిల్లరంగడి, ఎక్కడైనా నా సెల్లు దొరుకుతుంది. ఆ వారమంతా నాకు దర్జాగా ఉండింది.

నాకు సరిపోయేవి అందరికీ సరిపోతాయని అప్పుడు తోచలేదు. టార్చి ఉన్న ప్రతివాడి కన్నూ నా నడుము మీద పడింది. పక్కింటాయన రామసముద్రానికి బండి కడితే నా సెల్లులే. మాకు ఇల్లు బాడుగకిచ్చినాయన బావిలో పడిన చేద వెతకాలన్నా నా సెల్లులే. మజ్జిగ తోడు అడిగినట్టు అడిగేవాళ్ళు. పాత బ్యాటరీని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. మా ఆవిడకు చెప్పుకుంటే, ఇచ్చిపుచ్చుకోకుండా నలుగురిలో ఎట్లా బతుకుతామంది. పైగా అయిపోయిన సెల్లుకూ కొత్త సెల్లుకూ చూపులో తేడా ఉండదు. ఇచ్చింది ఒకటి, తిరిగొచ్చింది ఇంకొకటి. అందుకని కొన్న తేదీ వేసి, ప్రతి సెల్లుకూ చిన్న కాగితం అంటించడం మొదలుపెట్టాను. నా డైరీల్లో ఆ ఏడాది పేజీలు తిరగేస్తే ఈ గొడవ తప్ప మరొకటి కనిపించదు.

కొత్త బెల్లం దిగే కాలం వచ్చింది. మండీ సావుకారు నన్ను పిలిచి, ఈసారి బండ్లు ఎక్కువ, రేపటి వేలంలో తప్పు పడితే అరుగు మీదికి ఇంకొకర్ని చూసుకుంటానని చెప్పాడు. ఆ సాయంత్రమే బామ్మర్ది దిగాడు. పక్క పల్లెలో నాటకం చూడబోతూ సెల్లులు అడిగాడు. కుదరదన్నాను.

"రెండు సెల్లులే గదా బావా. తెల్లారేసరికి పెట్టేస్తా. నిద్దరలో నీకు చెవులు యాల?" అన్నాడు.

మిషను తెచ్చినవాడు. కాదనలేకపోయాను.

ఉదయం సెల్లులు డబ్బాలో ఉన్నాయి. నా కాగితాలు వాటి మీదే ఉన్నాయి. వినిపించింది కూడా. మండీకి వెళ్ళి కూర్చున్నాను. రెండు మూడు బండ్లు దాటాక వేలం వేసేవాడి గొంతు సన్నబడింది, తర్వాత పెదవులే మిగిలాయి. సెల్లులు బజారులోనే దొరుకుతాయి. కానీ వేలం మధ్యలో లేచి వెళ్ళేదెట్లా? పెదవులు చూసి రాశాను. రామసముద్రం రైతు బెల్లాన్ని ఆఖరు పాట పాడినవాడికి కాక, అంతకు ముందువాడికి రాసిచ్చాను. ఇద్దరు వ్యాపారులు ఒకే బండి దగ్గరికెళ్ళి కొట్లాటకు దిగారు.

సావుకారు వచ్చి నా కుడి చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

"ఏమప్పా, ఈ పూట నీ చెవులు ఎవురికి బాడుగకిచ్చినావు?"

నాకు వినిపించేంత గట్టిగా అంటే మండీ మొత్తానికి వినిపించింది. నవ్వులు నాకు కనిపించాయి.

ఇంటికెళ్ళి అడిగితే బామ్మర్ది దాచలేదు. కాగితంతో సెల్లు టార్చిలో దూరలేదట. పీకేశాడు. నాటకం నుంచి వచ్చాక తన పాత సెల్లులూ నావీ గూట్లో కలిసిపోతే, తోచిన రెంటికి అన్నం మెతుకులతో కాగితాలు అంటించాడు.

"అన్నీ ఒకే మాదిరి ఉండాయి గదా బావా. సూసి ఎట్ల కనుక్కునేది?"

అందులో అబద్ధమేమీ లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

సావుకారు నన్ను లోపలి గదికి మార్చాడు. అక్కడ లెక్కలు ఎత్తిరాయడమే పని, మాట్లాడేవాడు లేడు. కొద్దిరోజులకు గోదాములో బెల్లం చూసుకోవాలని సావుకారే నా సెల్లుల కోసం మనిషిని పంపాడు. లోపల కూర్చునేవాడికి అవి దేనికన్నాడట. వాడుకలో ఉన్నాయని చెప్పి పంపేశాను. మిషను తగిలించుకుని, నా కలం గీరుకునే చప్పుడు వింటూ, ఆ సెల్లులు ఎవరికీ పనికిరాకుండా అయిపోయేదాకా లెక్కలు రాశాను.