డెమో క్లాసులో నేను ఎంచిన అమ్మాయి

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లోని మా ప్రైవేటు స్కూల్లో అందరికంటే సీనియర్ని నేనే. కొత్త టీచర్ని తీసుకోవాలంటే ముందు ఒక డెమో క్లాసు చెప్పించేవాళ్లు. చివరి బెంచీలో కూర్చుని, ఆ మనిషి పనికొస్తుందో లేదో చెప్పడం నా పని. "మీరు ఊ అంటేనేనండీ" అనేవారు కరస్పాండెంట్ గారు. ఆ ఒక్క మాటకి పొంగిపోయేదాన్ని, పిచ్చిదాన్ని.

మొన్న ఏప్రిల్‌లో సోషల్ చెప్పడానికి ఒకమ్మాయి వచ్చింది. సోషల్ నా సబ్జెక్టే. బడిలో పిల్లలు పెరిగారు, ఇంకో మనిషి కావాలేమో అనుకున్నాను. ఆ అమ్మాయి పుస్తకమే తెరవలేదు. మూసీ ఎటు నుంచి ఎటు పోతుందో పిల్లల చేతే బోర్డు మీద గీయించింది. వెనక బెంచీలో నేనూ మెడ చాచి చూశాను. బయటికొచ్చి, "ఈ పిల్లని ఒదులుకోకండి సార్, బంగారం" అన్నాను.

జూన్‌లో బడి తెరిచే ముందు కరస్పాండెంట్ నన్ను పిలిచి టీ తెప్పించారు. "ఏమీ అనుకోకండి మేడం గారూ. మీ జీతంతో ఇద్దరొస్తారు. ఆ అమ్మాయి బాగా చెప్తుందని మీరే అన్నారు కదా!" ఆ టీ తాగేశాను. ఎందుకు తాగానో ఇప్పటికీ తెలియదు.

మా ఆయన మంచాన పడ్డప్పటి నుంచి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఈ వయసులో ఇంకో బడికి పోయి, ఎవరి ముందో నేను డెమో ఇవ్వాలి. ఎల్బీ నగర్ మెట్రో దగ్గర ప్రైవేటు టీచర్ల యూనియన్ గది ఉంటే వెళ్లాను. ఇన్నేళ్లూ సభ్యత్వం కోసం వాళ్లొస్తే, సీనియర్ని నాకెందుకని పంపేసినదాన్ని. ఆ మాట వాళ్ల నాయకుడు ఎత్తలేదు. "గవర్నమెంటోళ్లకైతే సీనియారిటీ ఉంటది అక్కా. మన తాన గదేం నడ్వదు. స్టాఫంత బయటికొచ్చి నిలబడితేనే గాయన దిగొస్తడు" అన్నాడు.

బడి తెరిచిన రోజు యూనియన్ వాళ్లతో కలిసి గేటు బయట నిలబడ్డాను. ఇన్నేళ్లు నాతో టిఫిన్ డబ్బాలు పంచుకు తిన్నవాళ్లు కిటికీల దాకా వచ్చి చూసి వెనక్కి పోయారు. వాళ్లకీ ఇళ్లున్నాయి, తెలుసు. అయినా తిట్టుకున్నాను.

ఒక్కతే వచ్చింది, ఆ అమ్మాయి. చేతిలో చాక్‌పీస్ అలాగే ఉంది.

"అది మీ ప్లేసని నాకు తెల్వదు మేడం. తెలిస్తే అస్సలొచ్చేదాన్ని కాదు. మీతోనే నిలబడ్త" అంది.

నాయకుడి ముఖం వెలిగింది. "ఒక్కలొస్తే చాలక్కా, ఎన్కనే ఇంకొకలొస్తరు" అన్నాడు.

నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ ఎనిమిదో తరగతి గోల గేటు దాకా వినిపిస్తోంది. ఆ క్లాసు పోయినేడాది దాకా నాది.

"నిన్ను గూడ తీసేస్తరు. పో, లోపలికి పో! పిల్లలను గట్ల ఒదిలేసి ఎవరన్న ఒస్తరా?" అని కసిరాను. కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

కాసేపటికి గోల ఆగిపోయింది. గొంతు పెంచకుండానే ఆపింది ఆ పిల్ల. అప్పుడు అందరూ చూస్తుండగానే గేటు పట్టుకుని ఏడ్చాను.